వగరు తెలిసిన నాలుకకు ఇటలీ ఎర్ర వైన్

మంచి ఇటలీ ఎర్ర వైన్‌ను మొదటిసారి రుచి చూసిన తెలుగువారిలో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "అబ్బా, ఎంత వగరు!" ఆ మాటను వారు ఫిర్యాదుగానే అంటారు కానీ, నిజానికి వారి నాలుక మొదటి గుక్కలోనే అసలు సంగతిని పట్టుకుంది. ఉగాది పచ్చడిలో మామిడి ముక్క వగరును, చింతపండు పులుపును వేరువేరుగా లెక్కపెట్టడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇటలీలోని పేరున్న ఎర్ర వైన్‌లలో తీపి దాదాపు ఉండదు. వగరు, పులుపు అనే రెండు రుచుల మీదే వాటి కట్టడమంతా నిలబడి ఉంటుంది. కనుక ఆ వగరు ఎలాంటిదో, ఏ కొండ మీద పండిన ద్రాక్షలో అది ఎలా మారుతుందో గుర్తుపట్టడం నేర్చుకుంటే, పెద్ద పెద్ద పదాలు కంఠస్థం చేయకుండానే ఈ వైన్‌లు మీకు అర్థమవుతాయి. దాన్ని ఏ వరుసలో నేర్చుకోవచ్చో కింద వివరిస్తున్నాను.

ముందు నాలుకను సరిచూసుకోండి

సీసా కొనక ముందే ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. పాలు, చక్కెర లేకుండా రెండు కప్పుల టీ కాచి, ఒకదానిలో ఆకును 2 నిమిషాలు, మరొకదానిలో 8 నిమిషాలు నాననివ్వండి. చల్లారాక ఒక్కొక్క గుక్క తాగి, పెదవుల వెనుక చిగుళ్లు ఎంతగా పొడిబారాయో గమనించండి. తరువాత కాస్త నిమ్మరసం కలిపిన నీళ్లు తాగితే, దవడల పక్కన లాలాజలం ఊరుతుంది. నోరు ఆరిపోతే వగరు, నోరూరితే పులుపు అన్నదే మనకు కావలసిన కొలబద్ద. చివరగా ఒక పనీర్ ముక్క నమిలి, ఎక్కువసేపు నానిన టీని మళ్లీ తాగి చూడండి. ఇందాకటి వగరు సగానికి తగ్గినట్లు అనిపిస్తుంది. వగరును కలిగించే టానిన్ అనే పదార్థం మాంసకృత్తులకు అతుక్కుంటుంది. లాలాజలంలోని మాంసకృత్తులకు అతుక్కుంటే నోరు ఎండుతుంది, పనీర్‌లోని వాటికి అతుక్కుంటే నోటిని వదిలేస్తుంది. ఇటలీవారు ఎర్ర వైన్‌ను భోజనం పక్కన తప్ప విడిగా ఊహించుకోకపోవడానికి కారణం మీకు ఈ మూడు కప్పులతోనే తెలిసిపోతుంది.

వైన్‌లో ఈ టానిన్ ముఖ్యంగా ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి, కొంతవరకు వైన్‌ను నిలవ ఉంచిన ఓక్ పీపా నుంచి వస్తుంది. వగరులో రకాలు ఉన్నాయని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పచ్చి వక్క వగరు మొండిది, పిడచగట్టించేది. జామపిందె వగరు గరుకుగా ఉంటుంది. నేరేడు పండు వగరు మెత్తగా పరుచుకుంటుంది. ఉసిరి వగరు పోయాక నీళ్లు తాగితే తియ్యదనం మిగులుతుంది. మీరు నోట్సు రాసుకునేటప్పుడు ఈ నాలుగు పోలికలను వాడండి. ఇంగ్లీషు పుస్తకాల్లో వగరును వర్ణించడానికి పడే అవస్థ చూస్తే మన మాటల విలువ తెలుస్తుంది.

లేబుల్‌ను చదవడం

ఇటలీ సీసా మీద ఉన్న పెద్ద పేరు కొన్నిసార్లు ఊరిది, కొన్నిసార్లు ద్రాక్షది, కొన్నిసార్లు రెండూ కలిసినది. బరోలో ఒక ఊరు. ఆ వైన్‌లోని ద్రాక్ష పేరు నెబ్బియోలో, అది లేబుల్ మీద కనిపించకపోవచ్చు. "బార్బేరా దాల్బా" అంటే ఆల్బా పట్టణ పరిసరాల్లో పండిన బార్బేరా ద్రాక్ష. అందరినీ తికమకపెట్టేది మొంతెపుల్చానో. "వీనో నోబిలె ది మొంతెపుల్చానో"లో అది టస్కనీలోని ఒక పట్టణం, ద్రాక్ష సాంజొవేసె. "మొంతెపుల్చానో దబ్రుజ్జో"లో అదే మాట అబ్రుజ్జో ప్రాంతంలో పండే ఒక ద్రాక్ష పేరు. ఈ రెండింటికీ పేరులో తప్ప పోలిక లేదు. ఉచ్చారణకు భయపడకండి. ఇటాలియన్ కూడా తెలుగులాగే మాట చివర అచ్చును ఇష్టపడే భాష కనుక ఆ పేర్లు మన నోటికి ఇట్టే పడతాయి. "కియాంతి" అనాలి తప్ప "చియాంటి" అనకూడదన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే డీఓసీ, డీఓసీజీ, ఐజీటీ అనేవి చట్టం ఇచ్చిన హోదాలు. 1963లో వచ్చిన చట్టంతో డీఓసీ మొదలైంది. ఏ ఊళ్లలో, ఏ ద్రాక్షతో, ఎంత కాలం నిలవ ఉంచి ఆ పేరు పెట్టుకోవచ్చో అది నిర్దేశిస్తుంది. మరింత కఠినమైన డీఓసీజీ హోదా 1980లో బరోలో, బార్బరెస్కో, బ్రునెల్లో ది మొంతల్చీనో వంటి కొద్ది వైన్‌లతో ప్రారంభమైంది; ఈ సీసాల మెడ మీద ప్రభుత్వం ఇచ్చే అంకెల పట్టీ అంటించి ఉంటుంది. ఐజీటీ 1992లో వచ్చిన, నిబంధనలు కొంత సడలించిన తరగతి. హోదా పెరిగిన కొద్దీ రుచి పెరుగుతుందని మాత్రం అనుకోకండి. ఆ హోదా వైన్ పుట్టుకకు సాక్ష్యం మాత్రమే, గొప్పతనానికి పూచీ కాదు. అలాగే "క్లాసికో" అంటే ఆ పేరుకు మొదటి నుంచీ హక్కున్న పాత ప్రదేశమనీ, "రిజెర్వా" అంటే చట్టం చెప్పినదానికంటే ఎక్కువ కాలం నిలవ ఉంచారనీ అర్థం. లేబుల్ మీద ఉన్న సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం, సీసాలో నింపినది కాదు.

కొనేటప్పుడు

ఒకసారి మన నగరంలోనే ఒక దుకాణంలో బరోలో సీసా కనిపిస్తే ఆత్రంగా కొన్నాను. ఆ సీసా ఎండ పడే అద్దాల అలమరలో నిటారుగా ఎన్ని నెలలు నిలబడి ఉందో నేను అడగలేదు. ఇంటికి వచ్చి తెరిస్తే బిరడా అంచుకంటే పైకి పొడుచుకువచ్చి ఉంది. లోపల వైన్ ఉడికించిన జామ్ వాసన వేసింది. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను తోస్తుంది, అదే సందులోంచి గాలి లోపలికి వెళుతుంది. అప్పటి నుంచి బిరడా మట్టంగా ఉందా, మెడ దగ్గర కారిన జిగురు మరకలు ఉన్నాయా, దుకాణంలో సీసాలను చల్లని చోట ఉంచారా అన్న మూడు విషయాలు చూడకుండా కొనడం లేదు. మన వేసవికి ఇది చిన్న విషయం కాదు. విదేశాల నుంచి వచ్చేవారు తలకు 2 లీటర్ల వరకు మద్యాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కనుక, బంధువుల సూట్‌కేసులో వచ్చే రెండు సీసాలు తరచూ స్థానిక దుకాణంలోని వాటికంటే చవకగానూ, మంచి స్థితిలోనూ ఉంటాయి.

మొదటి నెలలోనే బరోలో కొనవద్దని నా సలహా. ఏ ప్రాంతానికి వెళ్లినా ముందు అక్కడి చిన్న వైన్, తరువాత పెద్ద వైన్ రుచి చూడాలి. అంతేకాక, ఒక సీసాను ఒంటరిగా ముగించడం కన్నా నలుగురైదుగురు కలిసి రెండు సీసాలను పక్కపక్కన పెట్టుకుని తలా 60 మిల్లీలీటర్లు రుచి చూడడంలో నేర్చుకునేది ఎక్కువ, తాగేది తక్కువ. వృత్తిగా రుచి చూసేవారు ప్రతి గుక్కనూ ఉమ్మేస్తారు. మీరూ అలా చేయడానికి సిగ్గుపడనక్కరలేదు.

చల్లదనం, గ్లాసు, గాలి

ఎర్ర వైన్‌ను "గది వేడిమి"లో ఇవ్వాలన్న మాట రాతి గోడల యూరప్ ఇళ్లలో పుట్టింది. మన గదిలో 32 డిగ్రీలు ఉంటే ఆ సూత్రం పనికిరాదు, ఆ వేడిలో మద్యం ఘాటు మాత్రమే పైకి వస్తుంది. 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగడం మంచిది. అందుకోసం సీసాను గంట నుంచి గంటన్నర వరకు ఫ్రిజ్‌లో ఉంచండి, లేదా మంచుముక్కలు కలిపిన నీళ్ల బకెట్‌లో 10–15 నిమిషాలు ముంచండి. మరీ చల్లబడితే వగరు కటువుగా తోస్తుంది. అప్పుడు గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే సరిపోతుంది. గ్లాసు పలుచగా, పొట్ట వెడల్పుగా, మూతి కాస్త లోపలికి తిరిగి ఉంటే చాలు. అందులో మూడో వంతుకు మించి పోయకండి.

బిరడా తీసి సీసాను అలాగే ఉంచితే వైన్‌కు "ఊపిరి" అందుతుందని చాలామంది నమ్ముతారు, కానీ సీసా మెడలో గాలి తగిలే జాగా రూపాయి బిళ్లంత కూడా ఉండదు. పిన్న వయసు బరోలో లేదా దక్షిణ ఇటలీ వైన్ తౌరాజి అయితే ఒక వెడల్పాటి గాజు కూజాలోకి వంపి గంట, రెండు గంటలు ఉంచండి. 20 ఏళ్ల పాత సీసా విషయంలో ఇందుకు విరుద్ధంగా చేయాలి. టానిన్, రంగు పదార్థాలు కాలక్రమంలో ఒకదానితో ఒకటి పెనవేసుకుని బరువెక్కి అడుగున మడ్డిగా చేరతాయి. వైన్ వయసుతోపాటు మెత్తబడే క్రమంలో ఇదొక భాగం. అందుకే పాత సీసాను ఒక రోజు ముందే నిలబెట్టి, మడ్డి కదలకుండా మెల్లగా వంచి పోయాలి. దానికి ఎక్కువ గాలి తగలనిస్తే మిగిలిన కాస్త సువాసన కూడా ఎగిరిపోతుంది.

చూపు, వాసన, గుక్క

గ్లాసును తెల్లని గుడ్డ మీద పక్కకు వంచి అంచు రంగు చూడండి. నెబ్బియోలో రంగు లేతగా ఉండి, కొద్ది ఏళ్లకే అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. దాన్ని చూసి "పలుచని వైన్" అనుకున్నవారు మొదటి గుక్కకే అదిరిపడతారు. రంగు చిక్కదనం నాణ్యతకు గుర్తు కాదన్న పాఠం ఇటలీలో నేర్చుకున్నంత బాగా మరెక్కడా నేర్చుకోలేము.

వాసనను మొదట గ్లాసు కదపకుండా, తరువాత గుండ్రంగా తిప్పి, రెండుసార్లు చూడండి. పుస్తకాల్లో రాసిన వయొలెట్ పూలను, అడవి పళ్లను మనలో చాలామంది ఎన్నడూ వాసన చూసి ఉండరు కనుక వాటి కోసం వెతకడం వృథా. ఎండిన గులాబీ రేకులు, అతిమధురం, రేగు వడియాలు, ఎండు నారింజ తొక్క, కొత్తగా వేసిన రోడ్డు తారు, తొలకరి తడిసిన మట్టి, పాత తోలు చెప్పు వంటివి మీకు తెలిసిన వాసనలే, ఇవన్నీ ఈ వైన్‌లలో దొరుకుతాయి. గుక్కను ఐదారు క్షణాలు నోట్లో తిప్పి, కొంచెం గాలి లోపలికి పీల్చి, మింగాకనో ఉమ్మాకనో మూడు ప్రశ్నలు వేసుకోండి. దవడల్లో ఎంత ఊరింది? వగరు ఎక్కడ, ఎలాంటిది? రుచి ఎన్ని క్షణాలు నిలిచింది? వగరు పోయాక కూడా పండు రుచి మిగిలి ఉంటే ఆ వైన్ బాగా కుదిరిందని చెప్పవచ్చు. పండు ముందుగా మాయమై వగరు ఒక్కటే మిగిలితే, ద్రాక్ష సరిగ్గా పండలేదనో, వైన్ ఇంకా తెరవదగిన వయసుకు రాలేదనో, అప్పటికే ముసలిదైపోయిందనో అనుకోవాలి.

తడిసి మగ్గిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడాకు పట్టిన దోషం. గాలి తగిలితే పోదు. హోటల్లో అయితే నిస్సంకోచంగా వెనక్కి పంపండి.

మొదటి మజిలీ: లాంగె కొండలు

పియెమోంతె ప్రాంతంలో, టురీన్ నగరానికి దక్షిణాన, ఆల్బా పట్టణం చుట్టూ అలల్లా లేచిపడే కొండల వరుసను లాంగె అంటారు. 2014లో యునెస్కో ఈ ద్రాక్షతోటల భూదృశ్యాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి నెబ్బియోలో ద్రాక్ష వసంతంలో ముందుగా చిగురించి, పంట మాత్రం అందరికంటే ఆలస్యంగా అక్టోబరులో ఇస్తుంది. ఆ రోజుల్లో లోయలను కప్పే పొగమంచును ఇటాలియన్‌లో "నెబ్బియా" అంటారు కనుక ద్రాక్షకు ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు. ఇంత నింపాదిగా పండే ద్రాక్షకు ఎండ బాగా తగిలే దక్షిణపు వాలులే కావాలి. మిగతా వాలులను రైతులు బార్బేరాకు, దొల్చెత్తోకు వదిలేస్తారు.

ఈ మజిలీని నాలుగు సీసాలతో పూర్తిచేయండి. మొదట బార్బేరా దాల్బా తాగండి. అందులో పులుపు ఎక్కువ, వగరు దాదాపు శూన్యం. తరువాత లాంగె నెబ్బియోలో తెరిస్తే, అదే నేల మీద వగరు అంటే ఏమిటో వెంటనే తెలుస్తుంది. మూడోది బార్బరెస్కో. ఈ వైన్‌ను కనీసం 26 నెలలు నిలవ ఉంచాలని నిబంధన. ఇక్కడ ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో అనే రైతుల సహకార సంఘం ఉంది; ధర పలకని ద్రాక్షను అమ్ముకోలేక అవస్థపడుతున్న చిన్న రైతులను 1958లో ఆ ఊరి చర్చి పూజారి ఒకచోట చేర్చగా ఏర్పడిన సంఘమది. సహకార సంఘం వైన్ అంటే రెండో రకం అనే అభిప్రాయం ఉంటే దాన్ని వదులుకోవడానికి ఈ సీసా మంచి అవకాశం.

నాలుగోది బరోలో. నూటికి నూరు శాతం నెబ్బియోలో, కనీసం 38 నెలల నిలవ, అందులో 18 నెలలు చెక్క పీపాలో. రిజెర్వా అయితే 62 నెలలు. 11 గ్రామాలు ఈ పేరుకు అర్హమైనవి. వాటిలో పడమటి వైపున్న లా మొర్రా, బరోలో గ్రామాల నేల కొంత మెత్తనిది, అక్కడి వైన్‌లో పరిమళం ముందుకు వస్తుంది. తూర్పున సెర్రలుంగా, దక్షిణాన మొన్ఫోర్తె గ్రామాల నేల ఇంకా పాతది, గట్టిది. వాటి వగరు లొంగడానికి పదేళ్లయినా పట్టవచ్చు. ఇదంతా సముద్రం వెనక్కి తగ్గాక మిగిలిన సున్నం కలిసిన బంకమన్నే అయినా, పొరల వయసులో, గట్టిదనంలో ఉన్న తేడా నాలుక మీద ఇంతగా కనిపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వీలైతే లా మొర్రా సీసాను, సెర్రలుంగా సీసాను ఒకే సంవత్సరానివి తెచ్చుకుని పక్కపక్కన పెట్టండి. మొదటిది నేరేడు వగరు, రెండోది జామపిందె వగరు అని నేను రాసుకున్నాను. మీ నాలుక ఏమంటుందో చూడండి. 2010 పంట నుంచి బరోలో లేబుల్ మీద కన్నూబి, బ్రునాతె వంటి తోటల పేర్లు అధికారికంగా కనిపిస్తాయి. కోనసీమ కొబ్బరి, గుంటూరు మిర్చి అని మనం జిల్లాలు, సీమల పేర్లు చెప్పుకున్నట్లే వారు కొండవాలుల పేర్లు చెప్పుకుంటారు.

పీపాల విషయంలో ఇక్కడ ఒక కుటుంబ కలహం నడిచింది. పాతతరం వారు పెద్ద పెద్ద పాత ఓక్ పీపాల్లో, తొక్కలతో వారాల తరబడి నానబెట్టి, ఏళ్లు గడిస్తే గానీ తాగలేని వైన్ చేసేవారు. 1980లలో కొందరు యువకులు ఫ్రాన్స్‌లోని బుర్గుండి పద్ధతి చూసి వచ్చి, నానబెట్టే రోజులు తగ్గించి, బారీక్ అనే 225 లీటర్ల చిన్న కొత్త పీపాలను తెచ్చారు. లా మొర్రాకు చెందిన ఎలియో అల్తారె 1983లో తన తండ్రి పాత పీపాలను రంపంతో కోసేశాడు. తండ్రి అతనికి వారసత్వం లేకుండా చేశాడు. మరోవైపు బార్తొలో మస్కరెల్లో తన సీసా లేబుల్ మీదే చిన్న పీపాలకు వ్యతిరేకంగా నినాదం రాసుకున్నాడు. ఇప్పుడు రెండు పక్షాలూ చాలావరకు మధ్యకు వచ్చాయి. అయినా వైన్‌లో వెనిల్లా, కాల్చిన రొట్టె వాసన బలంగా ఉంటే అది చిన్న పీపా పని అని గుర్తించండి. నా ఓటు పెద్ద పీపాలకే: ద్రాక్ష వగరు మీద చెక్క వగరు కలిస్తే ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది.

రెండో మజిలీ: టస్కనీ

టస్కనీ ద్రాక్ష సాంజొవేసె. దీని పులుపు నెబ్బియోలోకు దీటుగా ఉంటుంది, వగరు కొంత తక్కువ, వాసనలో పుల్లని చెర్రీతోపాటు ఎండుటాకు, టీ పొడి తోస్తాయి. ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య కొండలే కియాంతి క్లాసికో. 1716లో మెదీచి వంశపు గ్రాండ్ డ్యూక్ మూడో కోజిమో ఒక శాసనంతో ఈ వైన్ ప్రాంతపు ఎల్లలు నిర్ణయించాడు. వైన్ సీమకు చట్టపరంగా హద్దులు గీయడంలో ప్రపంచంలోనే ఇది తొలి ప్రయత్నాలలో ఒకటి. 1932లో కియాంతి అనే పేరును చుట్టుపక్కల విశాలమైన ప్రాంతానికి కూడా ఇచ్చేయడంతో, పాత సీమకు "క్లాసికో" అనే మాట తగిలించవలసి వచ్చింది. కనుక ఈ పాత సీమ వైన్ కావాలంటే సీసా మెడ మీద దాని గుర్తయిన నల్ల కోడిపుంజును వెతకండి. గడ్డి అల్లిన బుంగ సీసాలో వచ్చే పాతకాలపు కియాంతి పలుచబడిపోవడానికి అందులో తెల్ల ద్రాక్ష కలపడం ఒక కారణం. 2006 పంట నుంచి క్లాసికోలో తెల్ల ద్రాక్షను నిషేధించారు, సాంజొవేసె కనీసం 80 శాతం ఉండాలి.

దీనికి దక్షిణాన మొంతల్చీనో అనే కొండ మీది పట్టణం ఉంది. అక్కడ 19వ శతాబ్దంలో బియోందీ సాంతి కుటుంబం సాంజొవేసెను ఒంటరిగా, మరే ద్రాక్షా కలపకుండా, దీర్ఘకాలం నిలవ ఉండేలా వైన్ చేసింది, అదే బ్రునెల్లో. పంట కోసిన సంవత్సరం తరువాత అయిదో సంవత్సరం జనవరి 1కి ముందు దాన్ని అమ్మకూడదు, అంటే 2020 పంట 2025లో బజారుకు వచ్చింది. ముందు రొస్సో ది మొంతల్చీనో తాగండి. అదే ద్రాక్ష, తరచూ అదే రైతు, నిలవ ఉంచే కాలం ఒక్కటే తక్కువ. దాని తరువాత బ్రునెల్లో తాగితే కాలం వగరును ఏం చేస్తుందో నేరుగా తెలుస్తుంది. మనిషికి ఒకే ఒక్క ఇటలీ పాఠం చెప్పమంటే నేను ఈ జతనే చెబుతాను.

సముద్రతీరాన బొల్గెరి కథ వేరు. మారియో ఇన్చీజా దెల్లా రొక్కెత్తా అనే ఆసామి అక్కడ ఫ్రెంచి ద్రాక్ష కాబెర్నే నాటి ఇంటి కోసం చేసుకున్న వైన్, 1968 పంటతో సస్సికాయా పేరున బయటికి వచ్చింది. స్థానిక నిబంధనల్లో ఆ ద్రాక్షకు చోటు లేనందువల్ల అది చాలాకాలం అన్నిటికంటే అడుగు హోదా అయిన "భోజనపు వైన్" పేరుతోనే, అన్నిటికంటే ఎక్కువ ధరకు అమ్ముడయింది. హోదాను, నాణ్యతను ఒకటిగా చూడవద్దని ముందే చెప్పినందుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సాంజొవేసెను దగ్గరలోనే రుచి చూడాలనుకుంటే, మహారాష్ట్రలోని అక్లూజ్ దగ్గర ఫ్రతెల్లి సంస్థ ఆ ద్రాక్షను పండించి, కాబెర్నేతో కలిపి సెత్తె అనే వైన్ చేస్తోంది. ఎండ మారితే అదే ద్రాక్ష ఎలా మాట్లాడుతుందో పోల్చడానికి అది పనికివస్తుంది.

అమరోనె, ఆపై దక్షిణం

వెరోనా నగరం పైనున్న వల్పొలిచెల్లా కొండల్లో కొర్వీనా మొదలైన ద్రాక్షను కోసి, గాలి బాగా ఆడే అటకల మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. మనం వడియాలను ఎండలో పెట్టినట్లు కాదు, నీడలోనే. మూడో వంతు బరువు ఇంకిపోయాక పులియబెట్టినదే అమరోనె; చట్టం ప్రకారం అందులో మద్యం కనీసం 14 శాతం ఉండాలి, చాలా సీసాల్లో 15 దాటుతుంది. ఎండు ద్రాక్ష, అంజూర వాసన వేస్తూ తియ్యగా ఉంటుందన్న భ్రమ కలిగించి, చివరకు కొద్దిగా చేదుతో ముగుస్తుంది. "అమారో" అంటే చేదు. కారంతో కాక భోజనం చివర, ముదిరిన చీజ్ ముక్కతో చిన్న గ్లాసు చాలు. వగరు కోసం వెతికేవారికి ఇది పక్కదారి అని నా అభిప్రాయం.

దక్షిణాన కంపానియాలోని అవెల్లీనో కొండల్లో పండే అల్యానికో మాత్రం అసలు దారిలోనిదే. అగ్నిపర్వతపు బూడిద కలిసిన నేలలో, ఎత్తు మీద, ఒక్కోసారి నవంబరు దాకా కోయకుండా ఉండే ఈ ద్రాక్షతో తౌరాజి చేస్తారు. కనీసం మూడేళ్ల నిలవ. పచ్చి వక్క వగరుతో మొదలై, ఓపిక పట్టినవారికి ఉసిరిలా చివర్లో తియ్యబడుతుంది. బరోలో ధరలో కొద్ది భాగానికే దొరుకుతుంది కనుక, లాంగె ముగించాక మీ డబ్బు ఇక్కడ పెట్టడం తెలివైన పని.

సిసిలీ ద్వీపంలో ఎత్నా అగ్నిపర్వతం ఉత్తరపు వాలు మీద, సముద్రమట్టానికి 600 నుంచి 1,000 మీటర్ల ఎత్తులో నెరెల్లో మస్కలేసె అనే ద్రాక్ష పండుతుంది. పగలు దక్షిణాది ఎండ, రాత్రి కొండ చలి. దీంతో పండు పండుతుంది, పులుపు పోదు. 19వ శతాబ్దంలో యూరప్ తోటలను తుడిచిపెట్టిన ఫిలోక్సెరా అనే వేరుపురుగు ఇసుక నేలల్లో బతకలేదు కనుక, ఇక్కడి లావా ఇసుకలో అంటుకట్టని నూరేళ్ల తీగలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఎత్నా రొస్సోను కళ్లు మూసుకుని తాగితే నెబ్బియోలో అని పొరబడటం అనుభవజ్ఞులకూ జరుగుతుంది. పులియా ప్రాంతపు ప్రిమితీవో, సిసిలీ నేరో దావొలా కూడా ఇష్టంగా తాగదగినవే, వాటికి పాఠం అవసరం లేదు.

మన పళ్లెం పక్కన

పియెమోంతెలో వెన్న వేసిన సన్నని గుడ్డు సేమ్యా, వైన్‌లో ఉడికించిన గొడ్డు మాంసం. టస్కనీలో నిప్పుల మీద కాల్చిన మందపాటి మాంసం: కొవ్వు, ఉప్పు, మాంసకృత్తులు కలిసి వగరును మింగేస్తాయి. మన వంటలో చిక్కు కారంతో వస్తుంది. మిరప మంట మీద వగరు, మద్యం పడితే మూడూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. అందుకని గోంగూర మాంసంతో బరోలో తెరవకండి. గోంగూర పులుపుకు సాటి పులుపు కావాలి, వగరు ఉండకూడదు. అంటే చల్లగా ఉంచిన బార్బేరా. మిరియాలు మాత్రమే వేసిన మటన్ వేపుడుకు కియాంతి క్లాసికో, నిదానంగా ఉడికిన పాయాకు లేదా ఎముక మూలుగకు పాత బరోలో బాగా కుదిరాయి. శాకాహారులకు పుట్టగొడుగులు, నిప్పుల మీద కాల్చిన వంకాయ, పనీర్ ఉన్నాయి; వాటితో ఎత్నా రొస్సో మంచి జత. ఆవకాయ ఉన్న పూట సీసా మూత తీయకపోవడమే వైన్‌కూ, ఆవకాయకూ మర్యాద.

మిగిలిన వైన్‌కు బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు, ఆ మరునాడు ఒక్కొక్క గుక్క రుచి చూసి రాసుకోండి. పిన్న వయసు బరోలో, తౌరాజి వంటివి రెండో రోజున మొదటి రోజు కంటే మెత్తగా, సువాసనగా ఉండడం మామూలే. అలా ఉంటే ఆ సీసా జోడును కొని మరో అయిదేళ్లు దాచవచ్చని అర్థం. మూడో రోజుకు పండు వాసన పోయి పులుపు మాత్రమే మిగిలితే దాన్ని పారబోయకండి. ఎముకతో ఉన్న మాంసం ముక్కలను ఉల్లి, దాల్చినచెక్కతో వేయించి, అందులో ఆ వైన్ పోసి, సన్నని సెగ మీద మూడు గంటలు మగ్గనివ్వండి.